ఒక్క తిప్పుకే అందుకోవాలి

లోటోఫోవా, ఫోవా దీవి
సెప్టెంబరు 4, 1989

లవీనియాకు,

మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ పెండలం తీగలు పాకుతున్నాయి, పందులు బాగానే ఉన్నాయి, మా ఆయన సిటానీ ఎప్పటిలాగే లావవుతున్నాడు. ఈ ఉత్తరం నీకొక్కదానికే. నీ మొగుడి కంట పడకుండా దాచు.

నాకు ఐదో నెల. నలభై రెండేళ్ళకి ఇదేం చోద్యమని నవ్వుకో. నేనూ నవ్వుకున్నాను, తర్వాత రెండు రోజులు ఏడ్చాను. ఇక్కడ సిటానీకీ నర్సుకీ తప్ప ఎవరికీ తెలియదు. నడుముకి చాప చుట్టుకు తిరిగే దేశంలో పుట్టడం ఎంత మేలో ఇప్పుడు తెలిసొచ్చింది. గుడికి కట్టుకునే పెద్ద చాప తీసి రోజూ కట్టుకుంటున్నాను. నాకు భక్తి ముదిరిందని ఊళ్ళో అనుకుంటున్నారు.

నర్సు గట్టిగా చెప్పింది. కాన్పు ఇంట్లో పనికిరాదు, నొప్పులు మొదలవగానే పాంగై ఆసుపత్రికి వచ్చెయ్యాలి. జనవరిలో. రెండు దీవుల మధ్య రాళ్ళకట్ట దాటి అరగంట దారి. మా పేటలో ఉన్నది మా ఎర్ర పికప్ ఒక్కటే. అదేమో తాళం తిప్పితే ఒక్కసారి "టక్" అని ఊరుకుంటుంది. సెల్ఫ్ తీసుకోదు. ఆరుగురు కలిసి తోస్తే లేస్తుంది. ఆరేళ్ళ క్రితం ఈ బండే టైముకి లేవక, ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమై, నా బిడ్డ దక్కలేదు. నాకు ఇంకేమీ వద్దు లవీనియా. జనవరికల్లా ఈ బండి ఒక్క తిప్పుకే అందుకోవాలి.

నీ మొగుణ్ణి అడిగి చెప్పు. నా తమ్ముడని కాదు గానీ, సేమీసి చెయ్యి వేస్తే మొండి ఇంజను కూడా మాట వింటుంది. బండి సంగతి ఒక్కటే అడుగు. మన ఆచారంలో అక్క కడుపుతో ఉందన్న మాట తమ్ముడి ముందు ఎత్తడం ఎంత తప్పో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకొకటి, నేను అడిగానని చెప్పకు. అక్క నోరు తెరిచి అడిగితే వాడు ఒంటిమీద చొక్కా కూడా విప్పి ఇస్తాడు, మా అమ్మ అలా పెంచింది. నాకు వాడి చొక్కా వద్దు, సలహా చాలు.

పిల్లల్ని నా బదులు ముద్దాడు. బుగ్గల వాణ్ణి రెండుసార్లు.

కలోలైన్


నుకుఅలోఫా
సెప్టెంబరు 14, 1989

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం చదివి, కొబ్బరి కోరుతున్నదాన్ని చిప్పతో సహా లేచి గెంతాను. ఏమైందని మీ తమ్ముడు అడిగారు. చీమ కుట్టిందన్నాను. ఎవరికీ చెప్పుకోలేక కడుపు ఉబ్బిపోతోంది. నాది, మీది కాదు.

రాత్రి భోజనాల దగ్గర మెల్లగా కదిపాను. "లోటోఫోవాలో ఎర్ర బండి సెల్ఫ్ తీసుకోవడం లేదట" అన్నాను, ఎవరో చెప్పగా విన్నట్టు. చేమాకు కూర పక్కకి నెట్టి సర్దుకుని కూర్చున్నారు. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు.

"ఒక్క టక్కా, వరసగా టకటకలా?" అన్నారు.

"ఒక్కటే" అన్నాను.

"తాళం తిప్పినప్పుడు దీపాలు మసకబారతాయేమో అక్కని చూడమను. మసకబారితే ఒక రోగం, బారకపోతే ఇంకో రోగం. చూడకుండా మందు చెప్పేవాడు మెకానిక్కు కాదు."

కాబట్టి వదినగారూ, అన్నయ్యగారు బండిలో తాళం తిప్పుతుంటే మీరు ఇంట్లో కూర్చుని దీపం మసకబారుతోందేమో చూసి రాయండి. బండికీ ఇంటి దీపానికీ ఏమిటి సంబంధమో నాకైతే తెలియదు.

ఇక్కడి విశేషం ఒక్కటే. మీ చెల్లెలి కొడుకు మొన్న వచ్చాడు. ఇల్లంతా కలయజూసి నా రేడియో చంకన పెట్టుకుపోయాడు. మీ తమ్ముడు తలుపు పట్టుకుని దారి కూడా ఇచ్చారు. అక్కచెల్లెళ్ళ బిడ్డలకి మేనమామ ఇంట్లో ఏది కావాలంటే అది అడక్కుండా తీసుకునే హక్కుందని నాకూ తెలుసు. కానీ ఆ రేడియోలో నా పాటలు ఉన్నాయి. అది పోయిన బాధలో ఉన్న నన్ను ఊరడిద్దామని మీ తమ్ముడు, వంటింటి తలుపుకి వేసిన పచ్చరంగు మిగిలితే, మీ బండి మోడలే అయిన మా పికప్‌కి పూశారు. రోడ్డు మీద వెళ్తుంటే వంటిల్లు నడిచొస్తున్నట్టుంది.

బరువులు ఎత్తకండి. ఇది నా మాట, మెకానిక్కు మాట కాదు.

మీ మరదలు
లవీనియా


లోటోఫోవా
సెప్టెంబరు 25, 1989

లవీనియాకు,

నువ్వు రాసినట్టే చేశాను. సిటానీ బయట తాళం తిప్పాడు, నేను లోపల కిరసనాయిలు దీపం ముందు కూర్చున్నాను. దీపం మసకబారింది. సిటానీని పిలిచి చెప్పాను. వాడు మళ్ళీ తిప్పాడు, ఈసారి బారలేదు. చాలాసేపు ఇదే పని. చివరికి నర్సు వచ్చి ఏం చేస్తున్నారని అడిగి, విని, గుమ్మంలో కూలబడి నవ్వింది. బండి దీపాలే తల్లీ. బండి ముందుండే దీపాలు.

అవి మసకబారడం లేదు. తాళం తిప్పినా అలాగే వెలుగుతున్నాయి. టక్ అన్నది ఒక్కసారే. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా ఉప్పులాంటిది పేరుకుని ఉంది. సముద్రం పక్కన బతుకు, మనుషులకే పడుతుంటే బ్యాటరీకి పట్టదా. ఇది వాడికి చెప్పు.

నాకు పగలంతా నిద్ర, వేళకాని వేళ ఆకలి. నిన్న పచ్చి మామిడికాయ కోసం కర్రా ఉప్పూ పట్టుకుని చెట్టు కింద నిలబడితే పాస్టరుగారి భార్య చూసింది. పందికి అన్నాను. పందికి ఉప్పు కూడా వేస్తారా అంది.

కలోలైన్


నుకుఅలోఫా
అక్టోబరు 6, 1989

వదినగారికి,

కిరసనాయిలు దీపం ముక్క ఒక్కటే చదివి వినిపిస్తే మీ తమ్ముడు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయారు. గ్యారేజీలో అందరికీ చెప్పారు. ఇప్పుడు అక్కడ ఏ బండి చెడినా "ఇంట్లో దీపం చూశారా" అంటున్నారట. నా పరువు పోయింది, మీ బండి బాగుపడితే అంతే చాలు.

వారి మాటలు వారి మాటల్లోనే రాసుకున్నాను, ఈసారి తప్పు పోకుండా. "దీపాలు తగ్గలేదంటే బ్యాటరీలో బలం ఉంది. ఆ బలం సెల్ఫ్ మోటారు దాకా చేరడం లేదు, లేదా చేరినా మోటారు తిరగడం లేదు. ముందు బ్యాటరీ కొసలు విప్పి వేడినీళ్ళతో కడిగి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దమను. ఇంజను నుంచి బాడీకి పోయే లావు వైరు తుప్పు పట్టిందేమో, అదీ విప్పి రుద్దమను. అప్పటికీ టక్ అంటే, అక్క బండి కిందకి దూరి, సెల్ఫ్ మోటారు ఒంటి మీద సుత్తితో రెండు తట్లు తట్టాలి. అదే క్షణంలో బావ తాళం తిప్పాలి. తడితే తిరిగిందంటే రోగం మోటారు లోపలుంది."

"వదినగారెందుకు, అన్నయ్యగారు దూరొచ్చుగా" అన్నాను.

"బావ దూరితే బండి పైకి లేస్తుంది."

"వదినగారు దూరరు" అన్నాను, కొంచెం గట్టిగానే.

చేతిలో గ్లాసు ఆపి నా వైపు చూశారు. "అక్క ఎందుకు దూరదు? మా నాన్న బండి కింద నా కంటే ముందు దూరింది అక్కే."

"మోకాళ్ళ నొప్పులు."

"ఏ మోకాలు?"

"రెండూ" అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు వదినగారూ. మీరు కొంచెం కుంటితే బాగుంటుంది.

లవీనియా


లోటోఫోవా
అక్టోబరు 20, 1989

లవీనియాకు,

ఎవరి కోసం కుంటను? వాడు ఎక్కడో రాజధానిలో ఉంటే నేను ఇక్కడ కుంటాలా? అయినా నిన్న ఓడలో మోకాళ్ళకి రాసుకోమని నూనె సీసా పంపాడు. మంచి సీసా, బిరడాకి మైనం వేసి ఉంది. నీ నోటికి తాళం ఎప్పుడో వెయ్యాల్సింది.

బ్యాటరీ కడిగాం. వైరు రుద్దాం. బండి మూడు రోజులు పెళ్ళికొడుకులా లేచింది. నాలుగో రోజు మళ్ళీ టక్. అప్పుడు సిటానీ దూరాడు. సగం దూరి ఆగిపోయాడు, పేట పిల్లలు కాళ్ళు పట్టుకుని లోపలికి తోశారు. సుత్తితో తట్టాడు, నేను తాళం తిప్పాను, లేచింది. అంటే రోగం మోటారు లోపలే. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళాలన్నా వాడు ముందు కిందకి దూరాలి. ఆదివారం ప్రార్థన అయ్యాక పక్క ఊరికి వెళ్ళాలంటే, గుడి ముందు తెల్ల చొక్కాతో దూరలేనన్నాడు. ఆదివారం పని చెయ్యకూడదు కదా, తోయడం పనా కాదా అని పెద్దలు మాట్లాడుకున్నారు. పాస్టరుగారు వచ్చి, ఆడవాళ్ళు తోస్తే అది సాయమే గాని పని కాదని తేల్చారు. మగవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు.

ఆడవాళ్ళు తోశారు. నన్ను ఎక్కించి కూర్చోబెట్టారు, మోకాళ్ళని నర్సు చెప్పిందిలే. అద్దంలో వెనక వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చున్నాను. ఆరేళ్ళ క్రితం కూడా వాళ్ళే. ఆ పూట మగవాళ్ళు చేపలకు వెళ్ళారు, తోసేవాళ్ళు చాలలేదు. ఆ రోజు నేనూ దిగి తోశాను లవీనియా. ఇది సిటానీకి తప్ప ఎవరికీ చెప్పలేదు, కానీ తోసిన ఆడవాళ్ళందరికీ తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కరూ నా ముందు ఆ మాట ఎత్తలేదు. ఇలాంటి ఊరిని వదిలి ఎక్కడికి పోతాను.

ఇప్పుడు ఏం చెయ్యాలో నీ మొగుణ్ణి అడుగు. ఏదైనా కొనాలంటే మాత్రం ఎంతో చెప్పమను, సిటానీ పంది అమ్ముతాడు. నీ మొగుణ్ణి కొననివ్వకు.

కలోలైన్


నుకుఅలోఫా
నవంబరు 3, 1989

వదినగారికి,

ఇది రాయడానికి నాకు మనసు రావడం లేదు. కానీ చూసింది చూసినట్టు రాస్తానని మీకు మాట ఇచ్చాను.

తడితే తిరుగుతోందని చెప్పగానే, "కార్బన్లు అరిగిపోయాయి" అన్నారు. మోటారు లోపల చిన్న బొగ్గు ముక్కలుంటాయట, అవి అరిగిపోతే కరెంటు అందదట. తడితే కదిలి కాసేపు అంటుకుంటాయట. "ఒకరోజు ఎంత తట్టినా లేవదు. ఆ రోజు ఎప్పుడొస్తుందో ఎవడూ చెప్పలేడు." ఆ కార్బన్లు ఇప్పుడు దేశంలో ఎక్కడా లేవు. ఫిబ్రవరిలో ఓడ వస్తే వస్తాయి. నేను మూడు దుకాణాలు స్వయంగా తిరిగాను.

"జనవరికి కావాలి" అన్నాను.

"జనవరిలో ఏముంది?"

"ప్రార్థనల వారం" అన్నాను.

"గుడి వాళ్ళ ఇంటి ఎదురుగానే ఉంది" అన్నారు. తర్వాత కోపం వచ్చింది. "బావ బండిలో జనాన్ని ఎక్కించుకుని తిప్పుదామనుకుంటున్నాడు, అదేగా? మోకాళ్ళ నొప్పులున్న మనిషిని పెట్టుకుని వ్యాపారమా? బండికి విశ్రాంతి ఇవ్వమను. నడవమను. నడక మోకాళ్ళకి మంచిది."

నోరు కట్టేసుకుని బతకడం నాకు అలవాటు లేని పని వదినగారూ. మీ మీద ఒట్టు కాబట్టి ఊరుకున్నాను.

లవీనియా


లోటోఫోవా
నవంబరు 14, 1989

లవీనియాకు,

నడవాలా. సరే.

నీ మొగుడికి ఈ కింది ముక్క చదివి వినిపించు: "నాకు ఏమీ అక్కర్లేదు. బండి బాగానే ఉంది. నేను ఏదీ అడగలేదు, అడగబోవడం లేదు. నీ నూనె సీసా తిరిగి పంపుతున్నాను."

మిగతాది నీకు. వాడి మీద కోపం నిలవడం లేదు, వాడికేం తెలుసు. అరవటానికి నాకు ఎవరో ఒకరు కావాలి, సిటానీ మీద అరిస్తే వాడు వెళ్ళి బండితో చెప్పుకుంటాడు. నిజంగానే, బానెట్ మీద చెయ్యి వేసి "జనవరి ఒక్కటీ గట్టెక్కించు" అంటుంటే విన్నాను.

నాకు భయంగా ఉంది. రోజూ పొద్దున లేవగానే ఇవాళ ఊళ్ళో ఎవరెవరు మగవాళ్ళున్నారో, ఎవరు తోటకి వెళ్ళారో లెక్క చూసుకుంటున్నాను. పిల్ల కదులుతోంది. పిల్లే అని నాకు అనిపిస్తోంది. పాంగైలో ముందుగానే వెళ్ళి ఉండమని నువ్వు అంటావు. అక్కడ మాకెవరూ లేరు, పైగా ఇల్లు, పందులు, సిటానీ. మూడింటినీ ఒంటరిగా వదల్లేను.

కలోలైన్


నుకుఅలోఫా
నవంబరు 27, 1989

వదినగారికి,

మీరు చదవమన్న ముక్క చదివాను. నూనె సీసా మీ తమ్ముడి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశారు. "మైనం తియ్యనే లేదు" అన్నారు. అంతే. భోజనం చెయ్యకుండా వెళ్ళి వసారాలో కూర్చున్నారు. ఆ రోజు నుంచి మీ బండి ఊసే ఎత్తడం లేదు. నేను కదిపినా, "అక్క ఏమీ అక్కర్లేదంది కదా" అంటున్నారు. మీ మాట పట్టుకుని అలిగారని నా అనుమానం. మీ ఇద్దరి మధ్య నేను సుత్తికీ మోటారుకీ మధ్య పడ్డట్టున్నాను.

దానికి తోడు ఇంకో దరిద్రం. మా పచ్చబండి కూడా పోయింది. సరిగ్గా మీ బండి రోగమే, ఇంకా ఎక్కువ. మీది టక్ అన్నా అంటుంది, మాది అదీ అనదు. తాళం తిప్పితే చచ్చినట్టు పడి ఉంటుంది. ఉత్తరాల్లో అంటుకొచ్చిందేమో. మెకానిక్కు ఇంట్లో బండికే దిక్కు లేదని పేటంతా నవ్వుతున్నారు. పొద్దున్నే నేనూ పిల్లలూ తోస్తాం, మీ తమ్ముడు రెండో గేరులో పెట్టి పట్టుకుంటారు, లేస్తుంది. బుగ్గల వాడు బడికి చెమటతో వెళ్తున్నాడు. "కాస్త బాగుచెయ్యకూడదా" అంటే "కార్బన్లు రావాలి, ఫిబ్రవరి" అంటున్నారు. తోస్తూ తోస్తూ మిమ్మల్ని తలుచుకుంటున్నాను. ఆ రోజు మీరు ఎలా తోశారు వదినగారూ? నాకు ఒట్టి మనిషికే ఊపిరి అందడం లేదు.

లవీనియా


లోటోఫోవా
డిసెంబరు 11, 1989

లవీనియాకు,

ఓడ మీద నాకొక పెట్టె వచ్చింది. ఉత్తరం లేదు. నావికుణ్ణి అడిగితే, సేమీసి స్వయంగా ఎక్కించాడు, జాగ్రత్త అన్నాడు, ఏమిటో చెప్పలేదు అన్నాడు. విప్పితే వాడి పని బట్టల్లో చుట్టిన సెల్ఫ్ మోటారు. తుడిచి, నూనె పెట్టి, పసిపిల్లని చుట్టినట్టు చుట్టాడు.

సిటానీ కిందకి దూరి బిగించాడు. ఈసారి మాత్రం దూరడమూ బయటికి రావడమూ కూడా వాడే చేసుకున్నాడు, అంత ఉత్సాహం. తాళం నేను తిప్పాను. ఒక్క తిప్పు. అందుకుంది. ఆపి మళ్ళీ తిప్పాను, మళ్ళీ అందుకుంది. అలా ఎన్నిసార్లు చేశానో తెలియదు. సిటానీ బండి పక్కన నిలబడి ఏడ్చాడు. పాత మోటారుని ముచ్చటపడి పడవకి లంగరుగా కట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి విను. తుడిచినా పోని ఒక చుక్క ఉంది ఆ మోటారు ఒంటి మీద. పచ్చరంగు చుక్క. వంటింటి తలుపు పచ్చ. పిచ్చిదానా, మీ బండికి రోగం అంటుకోలేదు. మీ బండిలో మోటారే లేదు.

నేను నోరు తెరిచి అడగలేదు. అడిగితే ఇలా చేస్తాడనే అడగలేదు. వాడికి నేనేం చెప్పాను, ఏమీ అక్కర్లేదనే కదా. మరి ఎందుకు చేశాడు? ఇది నేను ఉంచుకోలేను. జనవరి గడవగానే విప్పి పంపేస్తాను. వాణ్ణి అడుగు.

కలోలైన్


నుకుఅలోఫా
డిసెంబరు 20, 1989

వదినగారికి,

మీ ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్ళి బానెట్ ఎత్తాను. మీరన్నది నిజం. మోటారు ఉండాల్సిన చోట ఖాళీ. ఇన్ని రోజులు నేను తోసిన బండి ముందు నిలబడి, కోపం రావాలో నవ్వు రావాలో తెలియక, కాసేపు రెండూ చేశాను.

సాయంత్రం వారు పెరట్లో గడ్డి పీకుతుంటే వెళ్ళాను.

"మన మోటారు లోటోఫోవాకి ఎందుకిచ్చారు?" అన్నాను.

తల ఎత్తలేదు. "ఇచ్చానని ఎవరన్నారు? తీసుకున్నారు."

"ఎవరు తీసుకున్నారు?"

"హక్కున్నవాళ్ళు. నీ రేడియో తీసుకున్నవాడికి ఏ హక్కుందో అదే."

"వదినగారికి పిల్లలు లేరు కదా" అన్నాను.

"జనవరిలో ప్రార్థనల వారం ఉంది కదా" అన్నారు.

అక్కడే కూర్చుండిపోయాను. నేను చెప్పలేదు వదినగారూ, మీ మీద ఒట్టు, ఒక్క ముక్క చెప్పలేదు. ఎప్పటి నుంచి తెలుసని అడిగాను.

"నాకేం తెలియదు. తెలియకూడదు కూడా" అన్నారు. "నేను మెకానిక్కుని. చిన్నప్పటి నుంచీ బండి కిందకి దూరే మనిషి ఒక్కసారిగా దూరనంటే, మారింది బండి కాదు. నొప్పులున్న మనిషి నూనె సీసా మైనం తియ్యలేదు. కార్బన్లు ఫిబ్రవరిలో వస్తాయంటే, జనవరికే కావాలన్నావు. నడవమన్నాను చూడు, ఆ మాట అన్న నోటిని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. అక్క ఒకసారి ఆ బండి తోసిందని ఊళ్ళో ఆడవాళ్ళు అమ్మకి చెబుతుంటే విన్నాను. విననట్టే ఉన్నాను. ఇంకోసారి తోయకూడదు. అంతే, ఇంకేం తెలియదు."

గడ్డి పీకడం మొదలుపెట్టారు. పీకుతున్నది నేను పెట్టిన ఉల్లినారు. నేనూ చెప్పలేదు.

పాత మోటారు ఓడ మీద పంపమన్నారు. కార్బన్లు వచ్చాక బాగుచేసి పచ్చబండికి పెట్టుకుంటారట. మేము హాయిగా తోస్తున్నాం. ఇప్పుడు నేను తోస్తూ పాడుతున్నాను, రేడియో లేదు కదా.

లవీనియా


పాంగై ఆసుపత్రి
జనవరి 9, 1990

లవీనియాకు,

పిల్ల. నేను చెప్పలేదూ. ఏడు పౌన్ల పైన ఉంది, నల్లని జుట్టు, సిటానీ బుగ్గలు. నేను బాగున్నాను. ఈ నాలుగు మాటలు ముందు చదివి, కొబ్బరి చిప్ప పక్కన పెట్టి గెంతు.

ప్రార్థనల వారం మూడో రోజు పొద్దున్నే మొదలైంది. ఊరంతా గుడిలో ఉంది, పాట గోడలు దాటి వస్తోంది. తోసేవాళ్ళు కావాలంటే ఆ పూట ఊళ్ళో మగవాళ్ళంతా ఉన్నారు, ఒక్కరు కూడా అవసరం కాలేదు. సిటానీ కంగారులో తాళం కింద పడేశాడు. నేనే వంగలేక వంగి తీసి, పెట్టి, తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ చప్పుడు విని గుడిలో పాడుతున్న ఆడవాళ్ళు పాడుతూనే కిటికీల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. రాళ్ళకట్ట మీద సముద్రం రెండు వైపులా నిండుగా ఉంది. నాకు నొప్పి, భయం ఏమీ గుర్తులేవు, ఆ ఇంజను చప్పుడే గుర్తుంది. నా తమ్ముడు పక్కన కూర్చుని నడుపుతున్నట్టు ఉంది. ఇది వాడికి చెప్పకు. చెప్పినా ఫరవాలేదు.

పాత మోటారు సంగతి. సిటానీ లంగరు తాడు నిన్న తెగింది. మోటారు సముద్రం అడుగున ఉంది. వెతుకుతానంటున్నాడు, వెతకనివ్వు.

ఇక మీ మోటారు సంగతి. తిరిగి పంపుతానని మాట ఇచ్చాను. నిన్న ఆసుపత్రి వాకిట్లో సిటానీ చేత పానా పట్టించి విప్పమన్నాను కూడా. వాడు బండి కిందకి దూరబోయి ఆగి, "ఇది మనది కాదు కదా, మనమెలా ఇచ్చేస్తాం" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో వాడు నా మీద నెగ్గిన మాట ఇదొక్కటే. నిజమే. తీసుకున్నది నేను కాదు. తీసుకున్న మనిషి ఇప్పుడు నా పక్కన, మేనమామ పని బట్టల్లో చుట్టుకుని నిద్రపోతోంది. ఆ బట్టలు కూడా తిరిగి రావు, తనవే అన్నట్టు పట్టుకుంది.

సేమీసికి చెప్పు. ఆ మోటారు తిరిగి కావాలంటే, అడగాల్సింది దాన్నే. దానికి మాటలు వచ్చాక వచ్చి అడగమను. అంతవరకు తోయండి.

కలోలైన్